కతర్‌గామ్ డాబా నుంచి గగనతలం దాకా: సరదాగా ఎగిరేవారికి తోటివారి తోడు ఎందుకు?

సూరత్ నగరపు ఉత్తర భాగంలో, తాపీ నదికి చేరువలో ఉన్న కతర్‌గామ్‌కు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు. రెండోది, చలికాలంలో ఊంధియు వంటకానికి తప్పనిసరైన పాపడీ చిక్కుడు. విమానాలతో ఆ ప్రాంతానికి చెప్పుకోదగిన సంబంధం లేదు. నగర విమానాశ్రయం అక్కడికి నైరుతి దిశలో, మగ్దల్లా దగ్గర, సూటిగా కొలిస్తే సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది.

అయినా 1934 నాటి భారత విమాన చట్టాన్ని అక్షరాలా చదివితే, ఏటా జనవరి 14న కతర్‌గామ్ డాబాలన్నీ విమాన చోదకులతో నిండిపోతాయని చెప్పవలసి వస్తుంది. ఎందుకంటే ఆ చట్టం ‘విమానం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటాలు కూడా ఉన్నాయి. ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. కానీ పాత నిర్వచనం చెప్పిన సత్యం ఒకటి మిగిలే ఉంది. గాలిని ఆధారం చేసుకొని ఒక వస్తువును పైకి పంపేవారందరూ ఒకే కుటుంబానికి చెందినవారు. పతంగి ఎగరేసే బాలుడు, డ్రోన్ నడిపే యువకుడు, కొండ మీది నుంచి పారాగ్లైడర్‌తో దూకే యువతి, సెలవు రోజున చిన్న విమానం నడిపే వైద్యుడు, వీరందరికీ గాలి ఒక్కటే. వారందరికీ ఎదురయ్యే ప్రమాదమూ ఒక్కటే. ఒంటరితనం.

సరదా కోసం ఎగిరేవారు తమలాంటి వారిని ఎందుకు వెతుక్కుంటారు? ఆ సమూహం వారికి ఏమిస్తుంది? ఏ సమూహం మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుంది? కతర్‌గామ్ వంటి ఇరుకైన నగర ప్రాంతంలో ఉండేవారికి ఉన్న దారులేమిటి?

‘సరదా పైలట్’ అంటే ఎవరు?

జీతం కోసం కాక, ఎగరడంలోని ఆనందం కోసం ఎగిరేవారినే సరదా పైలట్లు అనవచ్చు. విమానాల విషయంలో వీరికి వర్తించేది ప్రైవేట్ పైలట్ లైసెన్స్. భారతదేశంలో దీనిని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, జారీ చేస్తుంది. అభ్యర్థికి కనీసం 17 సంవత్సరాలు నిండాలి, పదో తరగతి ఉత్తీర్ణత ఉండాలి. వైద్య పరీక్షలో నెగ్గాలి. కనీసం 40 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. అందులో కొంత భాగం బోధకుడు పక్కన లేకుండా ఒంటరిగా ఎగిరినదై ఉండాలి. ఈ లైసెన్స్ ఉన్నవారు స్నేహితులను, బంధువులను ఎక్కించుకోవచ్చు గాని, అందుకు ప్రతిఫలం తీసుకోరాదు.

విమానం ఒక్కటే మార్గం కాదు. ఇంజిన్ లేని గ్లైడర్లు, తేలికపాటి మైక్రోలైట్లు, పారాగ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు, రేడియోతో నడిచే నమూనా విమానాలు, డ్రోన్లు ఈ కోవలోకే వస్తాయి. ప్రతి దానికీ వేర్వేరు నైపుణ్యం, వేర్వేరు నిబంధనలు ఉన్నాయి. అయితే వీటన్నింటిలోనూ పుస్తకం చదివి నేర్చుకోగలిగింది సగమే. మిగిలిన సగం పక్కన నిలిచిన అనుభవజ్ఞుడి నుంచి రావలసిందే.

క్లబ్బుల నుంచే మొదలైన చరిత్ర

భారతదేశంలో పౌర విమానయానం పెద్ద సంస్థలతో కాక, క్లబ్బులతో మొదలైంది. 1928లో ఢిల్లీ, బొంబాయి నగరాల్లో ఫ్లయింగ్ క్లబ్బులు ఏర్పడ్డాయి. జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న దేశంలో తొలి పైలట్ లైసెన్స్ అందుకున్నారు. ఆయన ఎగరడం నేర్చుకున్నది బొంబాయి క్లబ్బులోనే. ఆ సరదాయే 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా విమానంగా మారింది. తర్వాతి కాలపు ఎయిర్ ఇండియాకు అదే అంకురం.

ఆ తొలి తరం పైలట్ల మధ్య బంధం ఎలాంటిదో 1930 నాటి ఒక పోటీ చెబుతుంది. భారత్, ఇంగ్లండ్‌ల మధ్య ఒంటరిగా ఎగిరి వెళ్లే తొలి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. టాటా కరాచీ నుంచి బయలుదేరారు. అప్పటికి 17 ఏళ్ల వయసున్న అస్పీ ఇంజినీర్ ఇంగ్లండ్ నుంచి ఎదురు దిశలో వచ్చారు. ఈజిప్టులోని అబూకిర్ దగ్గర ఇద్దరూ తారసపడ్డారు. స్పార్క్ ప్లగ్ లేక అస్పీ విమానం నిలిచిపోయి ఉంది. టాటా తన దగ్గర అదనంగా ఉన్న ప్లగ్ ఇచ్చి ఆయనను సాగనంపారు. చివరకు పోటీలో గెలిచింది అస్పీయే. మూడు దశాబ్దాల తర్వాత, 1960లో, ఆయన భారత వైమానిక దళాధిపతి అయ్యారు.

ఈ కథను ఔదార్యానికి ఉదాహరణగా చెప్పుకోవడం పరిపాటి. అందులో ఆచరణకు సంబంధించిన పాఠం కూడా ఉంది. ఎడారి అంచున విమానం ఆగిపోయినప్పుడు ఆదుకోగలిగేది అదే పని తెలిసిన మరొక పైలట్ మాత్రమే. పోటీదారుడైనా సరే, అతనొక్కడే అక్కరకు వచ్చే చుట్టం.

తెలుగు నేల మీద ఈ చరిత్ర హైదరాబాద్‌లోని బేగంపేటతో ముడిపడి ఉంది. 1930ల్లో నిజాం పాలనలో అక్కడ ఏరో క్లబ్బు వెలసింది. ఆ మైదానమే 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు స్థావరమైంది. ప్రేమ్ మాథుర్ వాణిజ్య విమానాలు నడిపిన తొలి భారతీయ మహిళగా పేరు పొందింది ఆ సంస్థలోనే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయిన తర్వాత కూడా బేగంపేట శిక్షణ విమానాలకు నెలవుగా కొనసాగింది.

లేఖతో మొదలైన సోదరీత్వం

తనలాంటి వారు ఎక్కడున్నారో తెలియకపోవడం అన్నింటికన్న పెద్ద సమస్య. దానిని మహిళా పైలట్లు ఎదుర్కొన్న తీరు గమనించదగినది. 1929లో అమెరికాలో లైసెన్స్ పొందిన మహిళలు 117 మంది. వారు దేశమంతటా చెల్లాచెదురుగా ఉండేవారు. ఒకచోట కలుద్దామంటూ వారికి లేఖలు వెళ్లాయి. 1929 నవంబర్ 2న న్యూయార్క్ సమీపంలోని ఒక విమాన మైదానంలో 26 మంది సమావేశమయ్యారు. సభ్యత్వం తీసుకున్నవారు చివరకు 99 మంది అయ్యారు. ఆ అంకెనే సంఘానికి పేరుగా పెట్టుకున్నారు. అదే ‘నైంటీ నైన్స్’. అమీలియా ఇయర్‌హార్ట్ దానికి తొలి అధ్యక్షురాలు. ఆ సంఘానికి భారతదేశంలోనూ శాఖ ఉంది.

భారతదేశంలో సరళా ఠక్రాల్ 1936లో, 21 ఏళ్ల వయసులో, చీర కట్టుకొనే జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపారు. ఆమె శిక్షణ పొందింది లాహోర్ ఫ్లయింగ్ క్లబ్బులో. క్లబ్బు తలుపు తెరిచి ఉండబట్టే అది సాధ్యమైంది. తలుపు మూసి ఉంచిన క్లబ్బులు ఎందరిని వెనక్కి పంపాయో చరిత్రకెక్కలేదు.

అమెరికాలోనే 1953లో మిల్వాకీ నగరంలో ఇంట్లో విమానాలు తయారుచేసుకునే కొందరు ఔత్సాహికులు ఒక చిన్న సంఘంగా ఏర్పడ్డారు. నేడు ‘ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ పేరుతో విస్తరించిన ఆ సంఘం 1970 నుంచి ఓష్‌కోష్‌లో ఏటా నిర్వహించే సంబరానికి లక్షల మంది వస్తారు. 1992లో అది ప్రారంభించిన కార్యక్రమం ద్వారా సభ్యులు తమ సొంత విమానాల్లో, సొంత ఖర్చుతో, 20 లక్షలకు పైగా బాలబాలికలకు తొలి విమానానుభవం కలిగించారు.

విజయవాడలో జన్మించిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్లివచ్చిన వార్త తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఆయన వృత్తిరీత్యా పైలట్ అయినా, విన్యాస విమానాలు, నీటి మీద దిగే విమానాలు, గ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు కూడా నడిపారు. ఇన్ని రకాల ఎగురుళ్లు ఒకే వ్యక్తికి అందాలంటే, ప్రతి చోటా చేయి పట్టి నేర్పే ఒక బృందం ఉండాలి.

తోడు ఉంటే ప్రాణం ఎలా నిలుస్తుంది?

సమూహం వల్ల కలిగే మేలు కాలక్షేపంతో ఆగదు. 1974 డిసెంబర్ 1న అమెరికాలో జరిగిన ఒక దుర్ఘటన ఇందుకు తిరుగులేని సాక్ష్యం. వాషింగ్టన్ సమీపంలోని డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతున్న టీడబ్ల్యూఏ విమానం మబ్బుల్లో కొండను ఢీకొంది. అందులోని 92 మందీ మరణించారు. ఎంత ఎత్తు వరకు దిగవచ్చన్న విషయంలో కంట్రోలర్ మాటను పైలట్లు ఒక విధంగా, వ్యవస్థ మరొక విధంగా అర్థం చేసుకోవడం అందుకు కారణమని తేలింది.

దర్యాప్తులో బయటపడిన మరో సంగతి మరింత కలచివేసింది. అంతకు ఆరు వారాల ముందే, అదే చోట, అదే అపార్థం వల్ల మరో సంస్థ విమానం త్రుటిలో ప్రమాదం తప్పించుకుంది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. కానీ ఆ హెచ్చరిక టీడబ్ల్యూఏ పైలట్ల చెవిన పడలేదు. ఒకరికి తెలిసిన ప్రమాదం మరొకరికి తెలియకపోవడం వల్ల 92 ప్రాణాలు పోయాయి.

దీని ఫలితంగా 1976లో అమెరికాలో ఒక నివేదికల వ్యవస్థ మొదలైంది. అంతరిక్ష సంస్థ నాసా దానిని నిర్వహిస్తోంది. పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్‌లు తమ పొరపాట్లను, తమకు తప్పిన గండాలను దానికి రాసి పంపవచ్చు. రాసినవారి పేరు, ఆనవాళ్లు తొలగించి, పాఠాన్ని మాత్రం అందరికీ చెబుతారు. బ్రిటన్‌లోనూ 1982 నుంచి ఇటువంటి వ్యవస్థ ఉంది.

చిన్న క్లబ్బులో సాయంత్రం టీ తాగుతూ జరిగే సంభాషణ చేసే పని కూడా ఇదే. ‘మొన్న దిగేటప్పుడు పక్కగాలి ఒక్కసారిగా తోసింది’, ‘ఆ బ్యాటరీ ఉబ్బింది, వాడవద్దు’, ‘ఆ కొండ మీద మధ్యాహ్నం తర్వాత గాలి సుడి తిరుగుతుంది’ వంటి మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు. తప్పు చేసినవాడిని ఎగతాళి చేసే చోట ఈ మాటలు బయటకు రావు. మాటలు బయటకు రాని చోట అదే తప్పు మరొకరు చేస్తారు.

మరో మేలు, బయలుదేరే ముందు తీసుకునే నిర్ణయంలో ఉంటుంది. ఎగరబోయే ముందు పైలట్ తన్ను తాను ప్రశ్నించుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. ఒంట్లో నలతగా ఉందా? మందులేమైనా వేసుకున్నారా? మనసు మీద ఒత్తిడి ఉందా? మద్యం తీసుకున్నారా? నిద్ర చాలిందా? కోపంలోనో దుఃఖంలోనో ఉన్నారా? ఈ ప్రశ్నలకు మనిషి తనకు తాను అబద్ధం చెప్పుకోగలడు. రోజూ చూసే తోటి పైలట్ ముందు ఆ అబద్ధం నిలవదు. ‘ఇవాళ నీ ముఖం బాగాలేదు, రేపు చూద్దాంలే’ అనగలిగిన స్నేహితుడు ఒక భద్రతా పరికరంతో సమానం.

అందరూ కలిస్తేనే లేచే గ్లైడర్

కొన్ని రకాల ఎగురుళ్లలో తోడు ఐచ్ఛికం కాదు, అనివార్యం. గ్లైడర్‌కు ఇంజిన్ ఉండదు. నేల మీద చాలా దూరంలో ఉన్న యంత్రం ఇనుపతాడును వేగంగా చుట్టుకుంటూ దానిని పైకి లాగుతుంది. ఆ యంత్రం దగ్గర ఒకరు, రెక్క పట్టుకొని సమతూకంలో ఉంచేందుకు ఒకరు, సంకేతాలిచ్చేందుకు మరొకరు ఉండాలి. ఈ రోజు ఎగిరినవాడు మరుసటి వంతులో తాడు మోయాలి. పుణె సమీపంలోని హడప్సర్‌లో డీజీసీఏకు చెందిన గ్లైడింగ్ కేంద్రం ఇటువంటి పద్ధతికి ఆలవాలం.

ఖర్చు విషయంలోనూ సమూహమే దిక్కు. చిన్న విమానం కొనడం, దానికి షెడ్డు, బీమా, తనిఖీలు, మరమ్మతులు భరించడం మధ్యతరగతి మనిషికి ఒంటరిగా సాధ్యం కాదు. ఒక విమానాన్ని పదిమంది పంచుకోవడమే ఫ్లయింగ్ క్లబ్బు మూలసూత్రం. నడిపిన గంటలకు రుసుము చెల్లిస్తే చాలు. అయినా భారతదేశంలో ఇంధనం, మైదానాల కొరత కారణంగా ఇది సంపన్నుల సరదాగానే మిగిలిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. దేశంలోని అనేక ఫ్లయింగ్ క్లబ్బులు ఉద్యోగం కోరే వాణిజ్య పైలట్లకు శిక్షణ కేంద్రాలుగా మారాయి. సెలవు రోజున ఎగిరే సభ్యుడికి అక్కడ చోటు తగ్గింది.

కతర్‌గామ్ వాసికి ఉన్న దారులు

సూరత్‌లో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా అక్కడ ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. ఆ కుటుంబాల్లోని పిల్లలకు ఎగరాలన్న ఆశ కలిగితే మొదటి మెట్టు ఏది?

విద్యార్థులకు సులువైన దారి ఎన్‌సీసీ వైమానిక విభాగం. అందులో నమూనా విమానాల తయారీ నేర్పుతారు. ఎంపికైన క్యాడెట్లకు మైక్రోలైట్ విమానంలో ఎగిరే అవకాశం లభిస్తుంది. గుజరాత్‌లో విమాన శిక్షణ కోరేవారికి వడోదరలో గుజరాత్ ఫ్లయింగ్ క్లబ్బు ఉంది. పారాగ్లైడింగ్ మీద మక్కువ ఉన్నవారికి డాంగ్ జిల్లాలోని సాపుతారా కొండలు, మహారాష్ట్రలోని కామ్‌షేత్ అందుబాటులో ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్-బిల్లింగ్ 2015లో ప్రపంచ కప్ పోటీలకు వేదికైంది. అయితే బోధకుడి వెనుక కూర్చొని పది నిమిషాలు ఎగరడం వేరు, సొంతంగా నేర్చుకోవడం వేరు. రెండో దానికి అనేక రోజుల శిక్షణ, ఆపై గాలిని చదవగల పెద్దల సాంగత్యం అవసరం.

ఇల్లు కదలకుండా ఉన్న దారి కంప్యూటర్ సిమ్యులేటర్. 2001లో మొదలైన ‘వ్యాట్‌సిమ్’ అనే అంతర్జాతీయ వేదికలో ఔత్సాహికులు పైలట్లుగానూ, మరికొందరు స్వచ్ఛందంగా కంట్రోలర్లుగానూ పాల్గొని నిజమైన పద్ధతిలోనే రేడియో సంభాషణలు సాగిస్తారు. ఒక గది ఇంట్లో ఉన్నవారికి కూడా ఇది ఒక సమూహంలో చోటు కల్పిస్తుంది. క్రమశిక్షణ నేర్పుతుంది. గాలి తాకిడిని మాత్రం నేర్పలేదు.

డ్రోన్: కొనడం సులువు, తెలుసుకోవడం ముఖ్యం

నగరాల్లో వేగంగా పెరుగుతున్న సరదా డ్రోన్. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నిబంధనలు దీనికి ఆధారం. 250 గ్రాముల లోపు బరువున్నవి నానో డ్రోన్లు. 250 గ్రాముల నుంచి 2 కిలోల వరకు మైక్రో డ్రోన్లు. నానో డ్రోన్లకు, వాణిజ్యేతర అవసరాలకు వాడే మైక్రో డ్రోన్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. పెళ్లిళ్లలో డబ్బు తీసుకొని మైక్రో డ్రోన్‌తో చిత్రీకరించేవారు ఈ మినహాయింపు కిందికి రారు. సర్టిఫికెట్ అవసరమైనవారు 18 ఏళ్లు నిండి, పదో తరగతి ఉత్తీర్ణులై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకోవాలి. డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య పొందడం మరో ముఖ్య నిబంధన. నిబంధనలు మీరితే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరరాదు. పసుపులో విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఈ పరిమితి 200 అడుగులు. దూరాన్ని బట్టి కతర్‌గామ్ ఈ వలయానికి ఆవల ఉన్నట్టు కనిపించినా, అంచనాతో ఎగరేయడం తగదు. ఇతర కీలక కేంద్రాల చుట్టూ ఎరుపు మండలాలు ఉండవచ్చు. భద్రతా కారణాలతో ఒక ప్రాంతాన్ని కొద్ది రోజులపాటు ఎరుపుగా ప్రకటించే వీలూ ఉంది. కాబట్టి ఎగరేసే ప్రతిసారీ ‘డిజిటల్ స్కై’ పటం చూడడం తప్పనిసరి.

ఇక్కడ కూడా తోడు అవసరం స్పష్టమే. డ్రోన్ పంపే దృశ్యాన్ని కళ్లజోడు తెరలో చూస్తూ నడిపేవారికి చుట్టుపక్కల ఏమీ కనబడదు. పక్కన నిలిచి ఆకాశాన్ని, నేలను కనిపెట్టి చూసే మరో మనిషి లేనిదే ఆ ఆట ఆడరాదని అనుభవజ్ఞులు పట్టుబడతారు. లిథియం బ్యాటరీని ఎలా ఛార్జ్ చేయాలి, ఉబ్బినదాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలి, పొరుగువారి కిటికీ వైపు కెమెరా తిప్పడం ఎందుకు తప్పు అన్నవి కూడా అంగడివాడు చెప్పని విషయాలు. చెప్పేది తోటివారే.

డాబా నేర్పే పాఠం, డాబా చేసే గాయం

ఉత్తరాయణ వేళ డాబా మీది జట్టును గమనిస్తే, ఈ సూత్రాలన్నీ అక్కడ ముందునుంచే ఉన్నాయని తెలుస్తుంది. ఒకరు పతంగి నడుపుతారు, మరొకరు దారం చుట్టిన ఫిర్కీ పట్టుకుంటారు. పిల్లలు దూరంగా వెళ్లి పతంగిని ఎత్తి పట్టుకుంటారు. గాలి ఎటు మళ్లిందో ముందుగా పసిగట్టేది ఇంటి పెద్దాయన. పక్క డాబా పతంగి తెగితే ‘కాయ్ పో ఛే’ అన్న కేక వీధంతా మోగుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో అదే క్షణాన ‘అఫా’ అంటారు. కేక వేరు, ఉత్సాహం ఒక్కటే. తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబానికి గుజరాతీ పొరుగువారితో మాట కలవడానికి పతంగి చాలినంత వంతెన.

అదే సమూహం నిర్లక్ష్యం వహిస్తే ఫలితం ఘోరంగా ఉంటుంది. గాజుపొడి పూసిన మాంజాకు సూరత్ ప్రసిద్ధి. దానికన్న ప్రమాదకరమైన నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. అయినా ద్విచక్ర వాహనదారుల గొంతులు తెగిన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఉత్తరాయణ రోజుల్లో ఫ్లైఓవర్ల మీదికి ద్విచక్ర వాహనాలు వెళ్లకుండా సూరత్ పోలీసులు ఆంక్షలు పెడుతూ వచ్చారు. హ్యాండిల్‌కు ఇనుప కమ్మి బిగించిన బండ్లు ఆ రోజుల్లో నగరమంతటా కనబడతాయి. గాయపడిన పక్షులను కాపాడేందుకు గుజరాత్ ప్రభుత్వం ఏటా జనవరిలో ‘కరుణా అభియాన్’ నిర్వహిస్తోంది.

నిషేధిత మాంజా కొన్నవాడిని పోలీసుకన్న ముందు చూసేది పక్కన ఫిర్కీ పట్టుకున్నవాడు. ‘ఈ దారం మన డాబా మీద వద్దు’ అని అతడు అనగలిగితే, రోడ్డు మీద వెళ్లే ఎవరో తెలియని మనిషి ఇంటికి క్షేమంగా చేరుకుంటాడు. నిబంధన కాగితం మీద పుడుతుంది. దానికి ప్రాణం పోసేది సమూహమే.

సమూహమూ తప్పుదారి పట్టవచ్చు

అన్ని సమూహాలూ మేలు చేస్తాయని అనుకోరాదు. వాతావరణం బాగాలేదని వెనక్కి తగ్గినవాడిని పిరికివాడనే బృందం, ప్రమాదకర విన్యాసాల వీడియోలకు చప్పట్లు కొట్టే బృందం మనిషిని ఒంటరితనంకన్న పెద్ద ఆపదలోకి నెడతాయి. పదిమంది కళ్లముందు ‘నేను ఇవాళ ఎగరను’ అనడానికి ధైర్యం కావాలి. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న సామెత గాలిలో చెల్లదు. అక్కడ చెల్లేది ‘నిదానమే ప్రధానం’.

మంచి బృందాన్ని గుర్తించేందుకు కొత్తవారు కొన్ని విషయాలు గమనించవచ్చు. పెద్దలు తమ తప్పులను తామే చెప్పుకుంటారా? ఎగరకుండా ఆగిపోయిన రోజు గురించి గౌరవంగా మాట్లాడతారా? కొత్తవారి ప్రశ్నలకు ఓపికగా జవాబిస్తారా? లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా పత్రాలు అడిగితే చూపిస్తారా? మహిళలకు, వేరే భాష మాట్లాడేవారికి, డబ్బు తక్కువ ఉన్నవారికి అక్కడ చోటుందా? పరికరాన్ని కొనమని తొందరపెట్టే ముందు, కొన్నాళ్లు చూసి నేర్చుకోమంటారా? ఈ ప్రశ్నల్లో ఎక్కువ వాటికి ‘అవును’ అన్న జవాబు వస్తే, ఆ బృందంలో చేరడం క్షేమకరం.

బృందం దొరకనివారికి ఆరంభం చిన్నదిగానే ఉంటుంది. పాఠశాలలో నమూనా విమానాలు చేసే ఇద్దరు విద్యార్థులు, వారికి సాయపడే ఒక ఉపాధ్యాయుడు, వారాంతంలో ఊరి వెలుపల అనుమతి ఉన్న ఖాళీ స్థలం ఉంటే చాలు. 1929లో 26 మందితో మొదలైనదీ, 1953లో కొద్దిమందితో మొదలైనదీ ఇలాంటివే.

గాలికి లైసెన్సు ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా తెలియదు. గాలి మారిందని గమనించిన మొదటి మనిషి పక్కవాడికి చెప్పాడా లేదా అన్నదే అన్నింటినీ నిర్ణయిస్తుంది. కతర్‌గామ్ డాబా మీదైనా, బేగంపేట రన్‌వే మీదైనా, సాపుతారా కొండ అంచునైనా, ఎగిరేవారిని క్షేమంగా నేలకు చేర్చేది ఆ ఒక్క మాటే.